సంతలో కొన్న పశువుకు మందలో చోటు

సంతలో డబ్బు చేతులు మారగానే పశువు కొత్త యజమానిదవుతుంది. అది ఆ ఇంటి పశువు కావడానికి, ఆ మందలో ఒకటి కావడానికి మాత్రం ఇంకా చాలా రోజులు పడుతుంది. ఈ రెంటి నడుమ ఉన్న గడువులో దాని మీద మనిషికి హక్కు ఎంత, దానికి మనిషి పడ్డ బాకీ ఏమిటి అన్నది రైతు లోగిలిలోనే పుట్టే ధర్మప్రశ్న. గుర్రాల్ని మందలుగా పెంచే దేశాల్లో ఈ ప్రశ్న గుర్రం విషయంలో వస్తుంది. శ్రీకాకుళం జిల్లా పాతపట్నం ప్రాంతంలో ఆవు, ఎద్దు, గేదె విషయంలో వస్తుంది. మహేంద్రతనయ ఒడ్డున, పర్లాకిమిడికి ఆనుకుని ఉన్న ఈ సరిహద్దు ప్రాంతంలో పశువుల సాలలోకి కొత్త జీవి రావడమంటే ఇంట్లోకి మనిషి వచ్చినంత పని.

ఈ జిల్లాలో పశువుల బేరాలకు పేరున్న చోటు కోటబొమ్మాళి మండలంలోని నారాయణవలస సంత. ఎక్కడి సంతలోనైనా కొనేవాడు చూసేవి దాదాపు ఒకటే. ముందు నోరు తెరిచి పళ్లు చూస్తాడు. పాలపళ్లు ఊడి రెండు పళ్లు వేసిన కోడెకు రెండేళ్లు దాటాయని, ఎనిమిదీ వేసి నోరు కలిసినదానికి నాలుగేళ్లు పైబడ్డాయని లెక్క. తర్వాత నాలుగడుగులు నడిపించి గిట్టలు, మోకాళ్లు చూస్తాడు. ఆవయితే పొదుగు పట్టి చూస్తాడు. చివరికి వెంట్రుకల సుడులు వెతుకుతాడు, ఏ సుడి ఎక్కడుంటే ఇంటికి మంచిదో, ఎక్కడుంటే కీడో అని. గుర్రాల విషయంలోనూ ఇదే నమ్మకం ఉంది. మనుమంచి భట్టు తెలుగులో అశ్వశాస్త్రం రాసిన కాలానికే గుర్రపు లక్షణాలు చూసి కొనడం ఒక విద్యగా స్థిరపడింది. దళారి తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర తేలుస్తాడు. పలుపు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళుతుంది.

ఇన్ని చూసినవాడు చూడలేనివి కొన్ని ఉంటాయి. ఆ ఆవు పాత మందలో ముందు నడిచేదా వెనక నడిచేదా, ఏ ఆవు పక్కన మేసేది, ఎవరి గొంతు వింటే తలెత్తేది, సంతకు తోలుకొచ్చిన నాడు సాలలో ఏ దూడ అరుస్తూ మిగిలింది. ఇవేవీ ధరలో లేవు. కానీ పశువు బతుకంతా వీటిలోనే ఉంది. కొన్నవాడు ఒంటిని కొన్నాడు. దాని పొత్తులన్నీ అమ్మినవాడి ఊళ్లోనే ఉండిపోయాయి.

పశువు, ఆలి, బిడ్డలు, ఇల్లు ఋణానుబంధం కొద్దీ వస్తాయని పెద్దలు చెబుతారు. ఈ మాటను సాధారణంగా యజమానికి అనుకూలంగానే అర్థం చేసుకుంటారు. వెనకటి జన్మలో అది మనకు బాకీ పడింది, పాలిచ్చో అరక లాగో తీర్చుకుంటోంది, తీరిన రోజున పోతుంది అని. అయితే కర్మ సిద్ధాంతాన్ని పూర్తిగా తీసుకుంటే ఈ అర్థం నిలవదు. పశుజన్మ భోగయోని, మనుష్యజన్మ కర్మయోని అని శాస్త్రం విడదీసింది. పశువు పాత కర్మఫలాన్ని అనుభవిస్తుందే తప్ప కొత్తగా పుణ్యపాపాలు మూటగట్టుకోదు. కొత్త కర్మ చేయగలిగేది మనిషి ఒక్కడే. అలాంటప్పుడు సంతలో పలుపు చేతికి తీసుకున్న క్షణం నుంచి కొత్త బాకీ పెరగగలిగేది యజమాని ఖాతాలోనే. పశువు పాతది తీర్చుకుంటోందో లేదో ఎవరికీ కనబడదు. దాన్ని కొన్నవాడు కొత్తది చేసుకుంటున్నాడన్నది మాత్రం కళ్లెదుట జరుగుతుంది. ఋణానుబంధాన్ని నమ్మేవారు దాన్ని ఈ వైపు నుంచి కూడా నమ్మాలి.

ఇంటికి రాగానే కొత్త పశువును గుమ్మం ముందు ఆపి, కాళ్ల మీద నీళ్లు పోసి, నుదుట పసుపు రాసి బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, కుడితి తాగించడం తెలుగు ఊళ్లలో అలవాటు. కొత్తకోడలికి చేసే మర్యాదలో కొంత భాగం దీనికీ దక్కుతుంది. ఇది మంచి ఆచారం. ఆ కాసేపు ఇంటిల్లిపాదీ పనులు ఆపి ఆ జీవి ముఖం చూస్తారు, దానికో పేరు పెడతారు. ప్రభుత్వం చెవికి వేసే పసుపు బిళ్ల మీద 12 అంకెల సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య లేకపోతే టీకా లెక్క తెలియదు కనుక అదీ అవసరమే. పేరు పెట్టి పిలిస్తే మాత్రం పశువు తల తిప్పుతుంది.

ఈ ఆచారంలో ఒక లోటు ఉంది. ఇల్లు ఒప్పుకుంది కదా అని ఆ సాయంత్రమే తీసుకెళ్లి పాత పశువుల పక్కన గుంజకు కట్టేస్తారు. పైకి ఆప్యాయతగా కనిపించే ఈ పని రెండు విధాలా హాని చేస్తుంది. మొదటిది రోగం. గాలికుంటు సోకిన పశువులో లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 14 రోజులు పట్టవచ్చు. సంతలో నిగనిగలాడిన ఎద్దు వారం తిరిగేసరికి నోట చొంగ కారుస్తూ కుంటుతుంది, అప్పటికి తొట్టి కలిసిన పశువులన్నిటికీ అంటించి ఉంటుంది. లంపీ స్కిన్ జబ్బు భారతదేశంలో మొదట బయటపడింది 2019లో, పొరుగున ఉన్న ఒడిశాలోనే. సరిహద్దు సంతల్లో పశువులు కొనే పాతపట్నం వైపు రైతుకు అది దూరపు వార్త కాదు. అందుకే కొత్త పశువును కనీసం మూడు వారాలు విడిగా కట్టి, గడ్డి, నీళ్లు, బకెట్టు, తాడు వేరుగా ఉంచి, పిడుదులు తీయించి, నట్టల మందు పట్టించి, టీకాలు ఏవి పడ్డాయో చూసి, ఆ తర్వాతే కలపమని పశువైద్యులు చెబుతారు. మేత కూడా ఒక్క రోజులో మార్చకూడదు. పాత ఇంట్లో ఎండుగడ్డి తిన్నదానికి కొత్త ఇంట్లో తవుడూ పచ్చగడ్డీ ఒక్కసారి పెడితే కడుపు చెడుతుంది. వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చాలి.

దూరంగా కట్టడం అవమానమని కొందరు రైతులు బాధపడతారు. ఆ బాధలో మంచితనం ఉంది. కానీ దూరంగా కట్టడానికీ వెలివేయడానికీ తేడా ఉంది. పాత పశువులకు కనబడేంత దూరంలో, వాటి అరుపు వినబడే చోట, ఎండా వానా తగలని పంచన కట్టిన పశువు ఒంటరిది కాదు. ఆ మూడు వారాల్లో అది కొత్త వాసనలు, కొత్త గొంతులు, పాలు తీసే చేయి నేర్చుకుంటుంది. అతిథికి చావడిలో పక్క వేయడం మర్యాదే కదా. ఇంట్లో ఉన్న పాత పశువుల పట్ల కూడా యజమానికి ధర్మం ఉంది. కొత్తదాని మీద ప్రేమతో పాతవాటికి జబ్బు తెచ్చిపెట్టడం ఏ ధర్మమూ ఒప్పదు.

రెండో హాని అర్థం కావాలంటే కట్టు గురించి ఆలోచించాలి. కట్టడం అనే పనిని అందరికంటే నిశితంగా పరిశీలించినవారు జైనులు. విజయనగరం దగ్గరి రామతీర్థంలో బౌద్ధ శిథిలాలతో పాటు జైన విగ్రహాలూ ఉన్నాయి. ఒకప్పుడు ఈ కళింగ నేల మీద వారి మాట వినబడిందనడానికి అవి గుర్తు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రంలో గృహస్థు అహింసావ్రతానికి భంగం కలిగించే దోషాలు ఐదు. కట్టివేయడం, కొట్టడం, అవయవాలు కోయడం, మితిమీరిన బరువు మోపడం, తిండీ నీళ్లూ ఆపడం. ఈ ఐదూ పశువుల సాలలో రోజూ ఎదురయ్యేవే, మొదటిది కట్టే. అయితే పశువును కట్టకుండా వ్యవసాయం సాగదు గనుక జైన వ్యాఖ్యాతలు కట్టులో తేడా చూపించారు. నిప్పు అంటుకుంటే విప్పుకోగలిగేలా, తెంపుకోగలిగేలా, కదలడానికి వీలుగా వదులుగా కట్టినది ఒక రకం. బిగించి కట్టి పట్టించుకోకపోవడం ఇంకో రకం. మొదటిది గృహస్థుకు తప్పనిది, రెండోది హింస.

పూరిపాకల్లో పశువులున్న ఊళ్లకు ఈ మాట బాగా అర్థమవుతుంది. వేసవిలో సాల అంటుకున్నప్పుడు బిగుసుకున్న ముడి విప్పలేక పశువు కాలిపోవడం చూసినవారెవరూ దాన్ని మరచిపోరు. శైవులు జీవుణ్ణి పశువనీ, బంధాన్ని పాశమనీ, విడిపించేవాణ్ణి పతి అనీ చెబుతారు. వంశధార ఒడ్డున శ్రీముఖలింగంలో శతాబ్దాలుగా శివుణ్ణి కొలుస్తున్న ప్రాంతం ఇది. ఆ దర్శనంలో పతి గొప్పతనం పాశం విప్పడంలో ఉంది. కట్టడం చేతనై విప్పడం తలపెట్టని యజమాని ఆ పోలికకు తగడు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కూడా మరీ పొట్టి తాడుతోనో బరువైన గొలుసుతోనో విడవకుండా చాలాసేపు కట్టి ఉంచడాన్ని నేరాల్లో చేర్చింది. వ్యాఖ్యాతలు వ్రతంగా చెప్పినదాన్ని పార్లమెంటు శిక్షతో చెప్పింది.

కట్టిన కొత్త పశువుకు ఇంకో కష్టం ఉంది, ముందు అన్న రెండో హాని అదే. మంద దాన్ని పరీక్షిస్తుంది, పొడవడానికి వస్తుంది. పలుపుతో గుంజకు కట్టి ఉన్న జీవి పక్కకు తప్పుకోలేదు, తలవంచి లొంగలేదు, పరుగెత్తలేదు. కాబట్టి తొలిసారి కలపడం సాలలో జరగకూడదు. కోతలయ్యాక ఖాళీ మడిలోనో ఏటిగట్టు మీదో జరగాలి. అక్కడ జరిగేది దగ్గరగా చూడదగ్గది. పాత ఆవులు మేత ఆపి తలలెత్తుతాయి. ఒకటి మెడ చాపి, చెవులు ముందుకు పెట్టి, అడుగులో అడుగు వేస్తూ వచ్చి కొత్తదాని మూతి, తోక కింద వాసన చూస్తుంది. తర్వాత మందలో పెద్దది పక్కకు తిరిగి తన ఒడ్డూ పొడుగూ కనబడేలా నిలబడుతుంది, తల దించి ముందుకాలితో మట్టి గోకుతుంది. కొత్తది చూపు తిప్పుకుని రెండడుగులు వెనక్కి వేస్తే చాలాసార్లు పొడవకుండానే వ్యవహారం ముగుస్తుంది. వేయకపోతే నుదురూ నుదురూ ఆనించి తోసుకుంటాయి. కాళ్లు నేలలో దిగబడతాయి, కొమ్ములు టకటకమంటాయి. ఒకటి మెడ తిప్పి జారుకోగానే గెలిచినది రెండడుగులు తరిమి ఆగిపోతుంది. అది ఆగిపోవడమే గమనించాల్సిన విషయం. ఓడినదాన్ని చంపాలని దానికి లేదు.

ఈ తోపులాటలు మొదటి రెండు మూడు రోజుల్లోనే ఎక్కువ. చోటు చాలినంత ఉంటే వారం తిరిగేసరికి చాలావరకు సద్దుమణుగుతాయి. ఆ మధ్యలో పాలు తగ్గుతాయి, కొత్తది సరిగా పడుకోదు, నెమరు తగ్గుతుంది. నార్వే శాస్త్రవేత్త థార్లీఫ్ షెల్డెరుప్ ఎబ్బె 1920ల తొలినాళ్లలో కోళ్ల గుంపులో ఎవరు ఎవర్ని పొడుస్తారన్న వరస ఉంటుందని చూపించాడు. ఆ తర్వాత పశువుల్లోనూ గుర్రాల్లోనూ ఇలాంటి వరస ఉందని తేలింది. వయసు, ఒళ్లు, కొమ్ములు, ఆ మందలో ఎంతకాలంగా ఉందన్నది ఈ వరసను నిర్ణయిస్తాయి.

ఇక్కడ అసలు ప్రశ్న వస్తుంది. అహింస కోరే యజమాని ఈ పోట్లాటను ఆపాలా? బలమున్నది బలంలేనిదాన్ని తినే మత్స్యన్యాయాన్ని నివారించడానికే దండనీతి ఉందని అర్థశాస్త్రం చెబుతుంది. ఆ మాట పట్టుకుని కర్రతో మధ్యలో దూరేవాళ్లున్నారు. కానీ మందలో ఉన్నది మత్స్యన్యాయం కాదు. వరస తేలేదాకా పోట్లాట ఉంటుంది, తేలాక ఉండదు. తేలకుండా మనిషి అడ్డుపడిన కొద్దీ అది రేపటికి, ఎల్లుండికి వాయిదా పడుతుంది. పెద్దావును కర్రతో కొట్టి కొత్తదానికి తొట్టి దగ్గర చోటిప్పించినవాడు తాను వెళ్లగానే ఆ చోటు పోతుందని గ్రహించాలి. మందలో చోటు యజమాని ఇవ్వగలిగిన వస్తువు కాదు. అది మంద ఇవ్వాలి, కొత్తది సంపాదించుకోవాలి. డబ్బుతో వచ్చిన యాజమాన్యం ఈ హద్దు దగ్గర ఆగుతుంది. ఈ హద్దును ఒప్పుకోవడంలోనే యజమాని వినయం తెలుస్తుంది.

అలాగని చేతులు కట్టుకు కూర్చోమని కాదు. మంద తన పని చేసుకోవడానికి తగిన చోటూ వ్యవధీ ఇవ్వడం మనిషి పని. పశువుల సంఖ్య కంటే ఒకటి రెండు తొట్లు ఎక్కువ పెట్టాలి, లేకపోతే కొత్తది తిండి లేకుండా మిగిలిపోతుంది. అలా మిగిలిపోతే ఉమాస్వాతి చెప్పిన ఐదో దోషం యజమానిదే. పారిపోయే దారి లేని మూలలుండకూడదు. వాడి కొమ్ములున్నదాన్నీ, చూలు ముదిరినదాన్నీ కలిపేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. వీలైతే ఒక్కదాన్ని కాకుండా ఒకే ఇంటి నుంచి రెంటిని కొనడం మేలు. పాత నేస్తం పక్కన ఉన్న పశువు కొత్త మందకు తొందరగా అలవాటుపడుతుంది. అది కుదరకపోతే పాత మందలో నెమ్మదైన ఆవును ముందు కొత్తదానితో విడిగా మేపి, తర్వాత రెంటినీ కలిపి మందలోకి తోలాలి. పగలు పశువు క్షేమానికి కాపరి బాధ్యుడు, రాత్రి ఇంట్లో ఉన్నప్పుడు యజమాని బాధ్యుడు అని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో పంచింది. కొత్త పశువు విషయంలో ఈ పంపకం చాలదు. అది చేరిన మొదటి రోజుల్లో పగలు కూడా యజమాని మంద వెంట ఉండాలి.

గుర్రాలలోనూ పద్ధతి ఇదే. కొత్త గుర్రాన్ని రెండు మూడు వారాలు విడిగా ఉంచి, కంచెకు అటూ ఇటూ నిలబెట్టి మూతులు కలవనిచ్చి, తర్వాత విశాలమైన బయలులో వదులుతారు. గుర్రం వెనక కాళ్లతో తన్నుతుంది కనుక ఇరుకులో కలపడం ఆవుల విషయంలో కంటే ప్రమాదకరం. బౌద్ధుల జాతక కథల్లో సుహను జాతకం సరిగ్గా ఈ సంగతే చెబుతుంది. కాశీరాజుకు మహాసోణుడనే పొగరుబోతు గుర్రం ఉంది. వర్తకులు అమ్మకానికి తెచ్చిన గుర్రాల మీదికి దాన్ని వదిలి కరిపించి, గాయాలు చూపించి ధర తగ్గించాలని రాజు ఎత్తు. బోధిసత్త్వుడి సలహా మీద వర్తకులు మరోసారి వచ్చినప్పుడు సుహను అనే అంతే పొగరైన గుర్రాన్ని తెస్తారు. రెండూ ఎదురుపడగానే కరుచుకోవడానికి బదులు ఒకదాన్నొకటి నాకుతూ నిలబడతాయి. ఒకే స్వభావమున్నవి కలుస్తాయని కథ చెప్పే కారణం. ఒకదాన్నొకటి నాకడం, మెడ గోకడం స్నేహానికి గుర్తని గుర్రాలూ పశువులూ పెంచే ఎవరైనా ఒప్పుకుంటారు. కథలో రాజు లోభం మరీ ఆలోచించదగ్గది. కొత్తదానికీ పాతదానికీ మధ్య సహజంగా ఉండే బెదురును అతడు తన లాభానికి వాడుకోబోయాడు. సంతలో బక్కచిక్కిన పశువును బలమైనదాని పక్కన కట్టి ధర విరవడం అదే పని.

ఈ బౌద్ధుల మాట ఇక్కడికి కొత్త కాదు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయి. ఉత్తరాన గంజాం జిల్లా జౌగడ బండ మీద అశోకుడు మనుషులకూ పశువులకూ రెంటికీ వైద్యం ఏర్పాటు చేశానని చెక్కించాడు. కళింగ యుద్ధంలో అంత రక్తం పారాక పశువు గురించి కూడా మాట్లాడాలని ఒక చక్రవర్తికి తోచిందంటే అది చిన్న విషయం కాదు.

ఈ సరిహద్దు కొండల్లో ఉండే సవరల దగ్గర గుర్రానికీ దున్నపోతుకూ వేరే చోటుంది. ఇళ్ల గోడల మీద వారు వేసే పవిత్ర చిత్రాల్లో గుర్రమెక్కిన ఆకారాలుంటాయి. సాలలో లేని గుర్రం అక్కడ దేవతల, ఆత్మల వాహనం. చనిపోయినవారి పేర రాయి నాటే గువార్ క్రతువులో దున్నపోతును బలిస్తారు, అవతలి లోకంలో వారికి అది ఉపయోగపడాలని. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రచురించిన పుస్తకంలో ఈ క్రతువులను విస్తారంగా వర్ణించాడు. అహింసావాదికి ఇది మింగుడుపడదు. కానీ పశువు ఎవరిదో ఒకరి మందలో చేరి తీరాలన్న భావన అక్కడా ఉంది, ఆ మంద ఈ లోకంలో కాకపోయినా.

అరకకు కొన్న ఎద్దు విషయంలో ఇంకో మెట్టుంది. దానికి మందలో చోటు దొరికితే చాలదు, కాడి కింద జోడు కుదరాలి. ఎలపటకు అలవాటైనదాన్ని దాపట కడితే అది తడబడుతుంది. తెలిసిన రైతు దున్నడం ఎరిగిన పాత ఎద్దు పక్కన కొత్తదాన్ని కట్టి, ముందు ఉత్త కాడితో నడిపించి, తర్వాత తేలికపాటి నేలలో కాసేపే దున్నుతాడు. ఏరువాక పున్నమి నాటికి పనికి రావాలంటే ఎద్దును చాలా ముందే కొనాలి. నందివిశాల జాతకంలో నూరు బండ్లు లాగగల ఎద్దు, యజమాని తిట్టి అదిలించేసరికి అడుగు కదపదు. అతడు పందెం ఓడిపోతాడు. మంచిమాటతో పిలిస్తే అవే బండ్లను లాగుతుంది. కొత్త ఎద్దుకు మన మాటలు తెలియకపోవచ్చు. గొంతులోని కోపం మాత్రం మొదటి రోజే తెలుస్తుంది.

ఇంత ఓపిక లేనివాడు ఒక మాట వాడుతాడు: అచ్చిరాలేదు అని. పశువు వచ్చిన నెలలో ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చినా, పంట పోయినా, ఉన్న ఆవు ఈసుకుపోయినా ఆ మాట అని మళ్లీ సంతకు తోలేస్తాడు. సుడి తప్పు చూశామంటాడు. ఆ నెలలో పాలు తగ్గింది కొత్త చోటు బెంగ వల్ల కావచ్చు, కుంటింది సాలలో బిగించి కట్టినప్పుడు తగిలిన పోటు వల్ల కావచ్చు. ఆ పశువు రెండోసారి, మూడోసారి సంతకెక్కుతుంది. ప్రతిసారీ కొత్త మందలో మళ్లీ మొదటి నుంచి తల వంచుకుంటూ రావాలి. భగవద్గీత ఐదో అధ్యాయంలో పండితుడి సమదృష్టి గురించి చెప్పేటప్పుడు బ్రాహ్మణుడితో పాటు ఆవును, ఏనుగును, కుక్కను కూడా లెక్కలోకి తీసుకుంది. ఇంటి కష్టానికి కారణం వెతికేటప్పుడు నోరులేని జీవి మీదికి వేలు చూపడం ఆ దృష్టికి సరిగ్గా ఎదురు. కర్మ సిద్ధాంతం ప్రకారం కూడా ఇంటివారి కష్టం ఇంటివారి కర్మఫలమే, సంత నుంచి వచ్చిన పశువు దాన్ని వెంట తీసుకురాలేదు.

కనుక సంతకు వెళ్లే రైతు విడిగా కట్టడానికి పంచ, అదనపు తొట్టి, మంద వెంట తిరగడానికి తీరిక ఉన్నాయో లేదో చూసుకున్నాకే పలుపు పట్టుకోవాలి. ఇంటికి తెచ్చిన పశువును ఒక ఈత చూడకుండా, ఎద్దయితే ఒక పంటకాలం దున్నించకుండా అచ్చిరాలేదని అమ్మకూడదు.